యంత్రలేఖకుని ప్రమాదములు

ప్రతి వ్రాసిన లేఖకుని ప్రమాదములను గుర్తించుట పాఠపరిష్కర్తకు మొదటి పని. లేఖకుడు కొన్ని అక్షరములను జారవిడుచును. కొన్నిటిని మసకగా వ్రాసి దాటిపోవును. కొన్నిటికి మారుగా వేరొక అక్షరమును నిలుపును. ఈ మూడు దోషములును ఇంటి స్కానరుకు గూడ కలవని ఉద్యోగవిరమణ చేసిన ఒక తెలుగు ఆచార్యుడు ఆలస్యముగా గ్రహించెను.

ఆతని చేత నున్నది తండ్రిగారు చదివిన వ్యాకరణ గ్రంథము. అంచులయందు వారు పెన్సిలుతో వ్రాసికొన్న టిప్పణములు మరియే ప్రతిలోను లేవు. కాగితము పెళుసెక్కినది. పుట త్రిప్పినప్పుడెల్ల అంచు పొడియై రాలుచుండెను. కావున ఒక్కొక్క పుటను ఒక్కసారియే తెరవవలెనని ఆతడు నిశ్చయించుకొనెను.

మొదట పాత స్కానరును క్రొత్త కంప్యూటరు గుర్తింపలేదు. ఈ రెండింటి నడుమ డ్రైవరు అను దుబాసి యుండవలెను. యంత్రము చెడకున్నను, క్రొత్త వ్యవస్థకు తగిన దుబాసి లేనిచో మాట సాగదు. లినక్సునందు పనిచేయు సేన్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనేకములైన పాత స్కానరుల భాష నెరుగును. దాని సాయమున యంత్రము కదలినది. ఆ సంతోషమున ఆచార్యుడు అమరికలను పరీక్షింపక నలుబది పుటలు తీసెను.

మరునాడు ఒక సూత్రముపై తండ్రిగారి మాట కొఱకు వెదకగా అంచు తెల్లగా నుండెను. యంత్రము తెలుపు నలుపు అమరికలో నుండెను. అందు ప్రతి చుక్కయు తెలుపో నలుపో కావలెను. నడిమి ఛాయకు చోటు లేదు. అచ్చుసిరా నిలిచెను, పెన్సిలు గీత మాసిపోయెను.

మడతవైపు అక్షరములును మసకబారెను. పలుచని స్కానరులలో నుండు గ్రాహకము గాజునకు తాకిన దానినే స్పష్టముగా చూడగలదు. బైండు దగ్గర పైకి లేచిన కాగితము దానికి అందదు.

మూడవ దోషము మరింత సూక్ష్మము. తెలుపు నలుపు చిత్రములను కుదించు ఒక పద్ధతి పోలిక గల రూపములను ఒకటిగా నెంచి, ఒకదాని చోట మరియొక దానిని వాడును. 6 అంకె 8గా మారిన ప్రతులను 2013లో జర్మనీయందు డేవిడ్ క్రీజెల్ బయటపెట్టెను. ప, వల భేదము స్వల్పమైన మన లిపికి ఈ హెచ్చరిక మరింత అవసరము.

ఆచార్యుడు అమరికను 256 ఛాయల బూడిదరంగునకు, అంగుళమునకు 300 చుక్కలకు మార్చెను. ఏ4 పుటకు సుమారు 87 లక్షల చుక్కలు, చుక్కకొక బైటు. తెలుపు నలుపు చిత్రమునకు దీనిలో ఎనిమిదవ వంతు చాలును. ఆ మిగులు ఏడు వంతులలోనే తండ్రిగారి చేవ్రాత యున్నది. చిత్రములను నష్టము లేని కుదింపుతో టిఫ్ రూపమున దాచెను.

నలుబది పుటలను మరల తెరవక తప్పలేదు. మూడింటి అంచులు విరిగెను; ఒక టిప్పణములో చివరి పదము పొడియయ్యెను. ఆ పొడిని ఆతడు కాగితపు పొట్లమున కట్టి గ్రంథములో నుంచెను. పూర్వలేఖకులు ప్రతి చివర తమ మాట వ్రాసినట్లు, యంత్రము, అమరిక, తేదీ తెలుపు పత్రము నొకదానిని చిత్రములతో చేర్చెను. అందు చివరి వాక్యము ఇది: మూడు పుటల అంచులు నా తొందరచే నష్టమైనవి.