గోడ బీటలు వారితే తేమ నిలవదు

చలికాలం రాగానే మోకాళ్ళ కింద చర్మం తెల్లగా పొరలు లేవడం, గోకితే గీతలు పడడం, రాత్రిళ్ళు దురదతో నిద్ర పట్టకపోవడం మీ ఇంటి పెద్దల్లో చూసే ఉంటారు. వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్ళూ నేను దీనిని చిన్న విషయంగానే ఎంచాను. ఒక పెద్దావిడ దురద అంటూ వస్తే, నిద్రమత్తు కలిగించే అలర్జీ మాత్ర రాసి పంపాను. నాలుగో రాత్రి ఆమె ఆ మత్తులోనే లేచి, తూలి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ తరువాత కర్ర లేకుండా నడవలేకపోయారు. ఆమె కాళ్ళను నేను చేత్తో తాకి చూడనైనా లేదు. రోజుకు రెండుసార్లు బాగా వేడినీళ్ళతో, ఒళ్ళంతా సబ్బు రుద్దుకొని స్నానం చేసేవారన్న సంగతీ అడగలేదు.

అడిగి ఉంటే కారణం అక్కడే దొరికేది. చర్మపు అట్టడుగు నుండి పైకి వచ్చే తేమను ఆపేది అన్నిటికన్నా పైనున్న పొర. అరచేతులు, అరికాళ్ళు మినహాయిస్తే దాని మందం ఇంచుమించు 0.02 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని ఇటుకల గోడతో పోలుస్తారు. నిర్జీవ కణాలు ఇటుకలైతే, వాటి నడుమ ఉండే సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అడుసు. వయసు పైబడినకొద్దీ ఈ అడుసు తగ్గుతుంది. వేడినీళ్ళు, సబ్బు మిగిలినదానిని కూడా కడిగివేస్తాయి. గోడ బీటలు వారితే తేమ ఆవిరైపోతుంది. ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగినా ఆ బీటలు పూడవు. పైనుండి పూయవలసిందే.

పూతలో మూడు పనులు జరగాలి. గ్లిజరిన్, యూరియా తేమను పట్టి ఉంచుతాయి. సెరమైడ్లు అడుసు లోటును తీరుస్తాయి. పెట్రోలియం జెల్లీ మూతలా పరచుకొని తేమను బయటికి పోనివ్వదు. పొడి గాలిలో గ్లిజరిన్ ఒక్కటే రాస్తే చాలదు, దానిపై మూత ఉండాలి. కొబ్బరినూనె కూడా మేలే. ఆలివ్ నూనె మాత్రం కొందరిలో ఈ గోడను ఇంకా బలహీనపరుస్తుంది. ఖరీదును బట్టి గుణం ఉండదు. సువాసనలు లేని పూతను ఎంచుకోండి.

ఇంతకన్నా ముఖ్యమైనది రాసే వేళ. గోరువెచ్చని నీళ్ళతో ఐదు పది నిమిషాల్లో స్నానం ముగించండి. సబ్బును చంకలకు, గజ్జలకు, పాదాలకు పరిమితం చేయండి. పొరలు లేచిన చోట సున్నిపిండితో నలుగు పెట్టవద్దు. తువ్వాలుతో రుద్దక, అద్దుకొని, ఒంటి మీద తడి ఇంకా ఉండగానే పూత రాయండి. రాత్రి పడుకునే ముందు మరొకసారి రాయండి. మడమలకు 10 శాతం యూరియా ఉన్న క్రీము పనికివస్తుంది. అయితే పచ్చి పగుళ్ళ మీద అది మండుతుంది, అక్కడ పెట్రోలియం జెల్లీ చాలు. అరికాళ్ళకు రాశాక మేజోళ్ళు వేసుకోకుండా పెద్దలను నున్నని నేల మీద నడవనివ్వకండి.

మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. స్పర్శ తగ్గిన పాదంలో పగులు నొప్పి పెట్టదు కనుక, పుండు అయ్యేదాకా తెలియదు. రోజూ మడమలు చూసుకోండి. వేళ్ళ సందుల్లో మాత్రం పూత రాయకండి, అక్కడ తడి నిలిస్తే బూజు తెగులు పట్టుతుంది. రెండు మూడు వారాలు శ్రద్ధగా రాసినా దురద తగ్గకపోయినా, చర్మం నున్నగా ఉండగానే దురద పెడుతున్నా వైద్యుణ్ణి కలవండి. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ జబ్బులు కూడా దురదగా బయటపడవచ్చు.

తుంటికి శస్త్రచికిత్స జరిగాక ఆ పెద్దావిడకు కోడలు రోజూ రెండుపూటలా పెట్రోలియం జెల్లీ రాసేది. రెండు వారాల్లో దురద తగ్గింది. నేను రాసిన మాత్రతో ఆమెకు మొదటినుండీ అవసరమే లేదు.

మీ ఇంట్లో పెద్దలెవరైనా దురద అంటే, మందుల దుకాణానికి వెళ్ళే ముందు వారి కాళ్ళను ఒకసారి తాకి చూడండి.