బందరు యూనివర్సిటీ సంగతి ఎవరు చెప్పాలి?

అవనిగడ్డలో బస్సు దిగగానే కంటపడేవి ఫ్లెక్సీలు. డీఎస్సీలో టీచరు పోస్టు కొట్టినవాళ్ల ఫొటోలు, పక్కన మార్కులు, కింద కోచింగ్ సెంటరు ఫోన్ నంబరు. శ్రీకాకుళం నుంచి, రాయలసీమ నుంచి కూడా పిల్లలొచ్చి ఇక్కడ గదులు తీసుకుని చదువుతారు. దివిసీమ దాకా మిమ్మల్ని రప్పించింది ఈ ఫ్లెక్సీలేనా అని ఒక కుర్రాణ్ణి అడిగాను. "ఇవన్నీ ఇక్కడికొచ్చాక చూసినవేనండి. మా ఊరి అన్నొకాయనకి ఇక్కడ చదివితే జాబొచ్చింది, అందుకొచ్చా" అన్నాడు.

చల్లపల్లి మీదుగా బందరు బస్సెక్కాను, అక్కడి కృష్ణా విశ్వవిద్యాలయం తన సంగతి ఎలా చెప్పుకుంటుందో చూద్దామని. మార్కెటింగ్‌కీ కమ్యూనికేషన్లకీ కలిపి ఒక అధిపతిని నియమించడం ఇప్పుడు విశ్వవిద్యాలయాలకు పరిపాటి. విదేశాల్లో అది పెద్ద ఉద్యోగం. ఇక్కడ దాని ఫలం చూడాలంటే బెజవాడ చుట్టూ ఉన్న ప్రైవేటు యూనివర్సిటీల హోర్డింగులు చాలు. మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆ పని పీఆర్వోది. చాలాచోట్ల పాఠాలు చెప్పుకునే ఏ అధ్యాపకుడికో అదనపు బాధ్యతగా అంటగడతారు.

వెనకెప్పుడో ఆ బాధ్యత మోసిన మాస్టారొకరు బస్సులో కలిశారు. ఎక్కడ చేశారన్నది వదిలేద్దాం. సభ ముగిసేలోపు ప్రెస్‌నోట్ విలేకరుల వాట్సాప్ గ్రూపులో పడాలట. వీసీ, రెక్టర్, రిజిస్ట్రార్, ప్రిన్సిపాల్... మొదటి పేరా అంతా పేర్లే, హోదాల వరస తప్పకూడదు. ఆపైన జ్యోతి ప్రజ్వలన ఫొటో. అసలు సంగతి, కొత్త కోర్సో పరిశోధనో, నాలుగో పేరాలో ఉంటుంది. జిల్లా పేజీలో చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేది ఆ నాలుగో పేరానే. "పేరు రాలేదని ఫోన్లొస్తాయి గానీ, సంగతి రాలేదని ఒక్కరూ అడగరండీ" అని నవ్వేశారాయన.

కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది. అంతకుముందు కృష్ణా జిల్లా కాలేజీలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో మొదలుపెట్టిన నోబుల్ కాలేజీ, గుడివాడ ఏఎన్నార్ కాలేజీ ఇప్పుడు దీనికి అనుబంధం. తల్లి కంటే పిల్లలే పెద్దవాళ్లు! గుడివాడ కాలేజీకి విరాళమిచ్చిన అక్కినేని పేరే పెట్టుకున్నారు. పక్కనే రామాపురంలో పుట్టిన హీరో పేరు గుమ్మం మీద ఉన్నాక వేరే ప్రచారమెందుకు?

రుద్రవరం ప్రాంగణానికి రాకముందు యూనివర్సిటీ నడిచింది ఆంధ్ర జాతీయ కళాశాల ఆవరణలో. తన సంగతి చెప్పుకునే కళను బందరు ఏనాడో నేర్చిందనడానికి ఆ చోటే రుజువు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి స్థాపించిన కళాశాల అది. పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు. బెంగాల్ నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర అడివి బాపిరాజు బొమ్మలు నేర్చుకున్నారు. ముట్నూరివారేమో కృష్ణాపత్రిక సంపాదకులు. చెప్పేవాడు లోపలి మనిషి, చెప్పుకోవడానికి లోపల సరుకూ ఉంది. ఈనాటి మార్కెటింగ్ అధిపతులకు ఈ రెండూ ఒక్కచోట దొరకడం నాకైతే అరుదుగానే కనిపిస్తుంది.

రుద్రవరంలో నాగాయలంక వైపు అమ్మాయి ఒకరితో మాట కలిసింది. పీజీసెట్ వెబ్ ఆప్షన్లలో దీన్నెలా ఎంచుకున్నావంటే, సీనియర్ అక్క చెప్పిందంది. హాస్టల్లో సీటు దొరుకుతుందా, ఇంటికి చివరి బస్సెన్నింటికి, ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతేంటి. తను అడిగినవి ఈ మూడే. ఇప్పుడవే మూడూ తనను అడిగేవాళ్లున్నారు. ఫోన్ తీసి చూపించింది: ఇంట్లో ఒప్పుకోవడం లేదు, నాన్నతో ఒకసారి మాట్లాడక్కా అని కోడూరు నుంచి ఓ పిల్ల పంపిన మెసేజీ.

"మాట్లాడావా?"

"మాట్లాడాను సార్. మొదట చివరి బస్సే అడిగారు."