మకాన్ మనది, కిరాయి ఎవరికి?

కొత్త లాప్‌టాప్ అంటే చాబీ చేతికొచ్చిన కొత్త మకాన్ లాంటిదని ఖుషీ పడతాం. తలుపు తీసి చూస్తే లోపల అప్పటికే నలుగురు కిరాయిదార్లు కాపురముంటారు. ఒకడు ముందుగదిలో ఆటల దుకాణం తెరిచాడు. ఒకడు సినిమాలు చూపిస్తా చందా కట్టమంటాడు. ఇంకొకడు గుమ్మంలో లాఠీ పట్టుకుని, "చోర్లు తిరుగుతున్నారు, ఒక నెల ముఫ్త్‌గా కాపలా కాస్తా, తర్వాత జీతం ఇవ్వాలి" అంటాడు. వీళ్ళకి ఇజాజత్ ఇచ్చింది మనం కాదు. మకాన్ కట్టి అమ్మినవాడు.

మా ఆపా కుట్టుమిషన్ తొక్కి, చిట్టీ పాడి కూడబెట్టిన పైసలతో కూతురి డిగ్రీ చదువుకి లాప్‌టాప్ కొంది. నెల తిరిగేసరికి రోజూ తెర మీద ఎర్ర డబ్బా. మీ కంప్యూటర్ ఖతరాలో ఉంది, వెంటనే పైసలు కట్టండి అని ఇంగ్లీషులో. పిల్ల చదివి చెప్పింది. రాత్రి ఆపా నాకు ఫోన్ చేసింది.

"క్యా రే, పైసే భర్నాచ్ పడ్తా క్యా? నై భరేతో బచ్చీ కీ పఢాయీ కా సబ్ ఉడ్ జాతా క్యా?"

ఆ నెల కరెంటు బిల్లు ఆపి ఈ పైసలు కట్టడానికి ఆపా తయ్యార్‌గా ఉంది. ఆ గొంతులో భయం విన్నాక నాకు గుస్సా ఆగలేదు. "నక్కో ఆపా, ఒక్క పైసా కట్టకు" అన్నాను.

ఎందుకంటే విండోస్‌తో పాటే ఒక చౌకీదార్ వస్తాడు. పేరు డిఫెండర్. జీతం అడగడు. కంపెనీ ముందే దింపిన వేరే యాంటీవైరస్ డ్యూటీలో ఉంటే పక్కకి తప్పుకుంటాడు. దాన్ని తీసేస్తే తనంతట తనే మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. మామూలు ఇంటి వాడకానికి అతను చాలు.

మరి ఆ లాఠీవాడు ఎలా దూరాడు? ఇది సీదా వ్యాపారం. లాప్‌టాప్‌ల మీద లాభం తక్కువ. అందుకని సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సరుకు ముందే ఎక్కించమని తయారీదారులకు పైసలిస్తాయి. దానివల్లే మీకు లాప్‌టాప్ సస్తాగా దొరుకుతోందని కొందరి వాదన. సరే, ఆ సంగతి బిల్లు మీద రాసి, "ఈ కిరాయిదార్లు ఉంటే ఇంత, లేకుంటే ఇంత" అని అడిగి ఉంటే ఇన్సాఫ్ అయ్యేది. అడగలేదు. మకాన్ మనది, కిరాయి మాత్రం వాళ్ళ జేబులోకి.

కొందరు కిరాయిదార్లు జాగా తిని ఊరుకోరు. 2014లో లెనోవో కంపెనీ కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ పెట్టి అమ్మింది. మనం చూసే పేజీల్లో ఇష్తెహార్లు దూర్చడం దాని పని. అందుకోసం బ్యాంకుల వెబ్‌సైట్లకుండే తాళాన్ని కూడా మధ్యలో విప్పి చూసే ఏర్పాటు చేసుకుంది. అన్ని లాప్‌టాప్‌లకీ ఒకటే చాబీ కావడంతో అది చోర్ల చేతికి చిక్కే దారి తెరుచుకుంది. 2015 ఫిబ్రవరిలో గుట్టు రట్టయింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదిరింది. అందులో ఒక షరతు నాకు బాగా నచ్చింది. ఇకపై ఇలాంటి సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించాలంటే కొన్నవాళ్ళ ఇజాజత్ తీసుకోవాలి. అసలు మాట అదే కదా!

ఆపా ఇంట్లో పని గంటలో తెమిలింది. నేను ఫోన్‌లో చెబుతుంటే భాంజీ సెట్టింగ్స్ తెరిచి, యాప్స్‌లోకి, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్ళింది. పేర్లు ఒక్కొక్కటే చదివింది. ఆటలు, ముఫ్త్ కాపలావాడు, ఎవరూ అడగని షాపింగ్ యాప్‌లు అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసింది. గ్రాఫిక్స్, ఆడియో, వైఫై, టచ్‌ప్యాడ్ అని ఉన్నవాటిని ముట్టుకోవద్దన్నాను. అవి ఇంటి దూలాలు, కదిలిస్తే కప్పు కూలుతుంది. ఏమిటో తెలియని పేరు వస్తే వదిలేయమన్నాను, కనుక్కున్నాక చూద్దామని. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, కంప్యూటర్‌తో పాటే నిద్రలేచేవాటిలో అక్కర్లేనివాటిని ఆపింది. చివరికి విండోస్ సెక్యూరిటీ తెరిచి చౌకీదార్ డ్యూటీలో ఉన్నాడో లేడో చూసుకుంది. ఉన్నాడు.

ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి పత్రికాఫీసులో అడుగుపెట్టిన నాకు ఆపా డర్ కొత్త కాదు. సరిగా రాని భాషలో, ఎర్ర రంగులో ఏదైనా కనబడితే అది హుకుం అనిపిస్తుంది. ఇష్తెహార్ కావచ్చని తోచదు. ఆ డబ్బా రాసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ఇంటికి మొదటిసారి కంప్యూటర్ వచ్చిన వాళ్ళు, పిల్లల చదువు చెడుతుందేమోనని వణికే అమ్మీలు, వీళ్ళ భయం మీదే ఆ పైసలు రాలతాయి.

కాబట్టి తెర మీద ఏదైనా పైసలు అడిగితే చెయ్యి పర్సు దగ్గరికి పోకముందే ఒక్క సవాల్ వేసుకోండి: ఇది హుకుమా, ఇష్తెహారా? తేలకపోతే ఆ రాత్రికి లాప్‌టాప్ మూసి పడుకోండి. తెల్లారి తెలిసినవాళ్ళని అడగండి. ముందు కరెంటు బిల్లు కట్టండి.