సైకిల్ దిగని మనిషి

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచినవాడికి బహుమతి 5 లక్షల యూరోలు. అదీ ఒక్కడి జేబులోకి పోదు, ఆనవాయితీగా జట్టంతా పంచుకుంటారు. అసలు రాబడి జీతం, స్పాన్సర్లు. అందుకోసం కొండదారుల్లో గంటకి 80, 90 కిలోమీటర్ల వేగంతో దిగుతారు. 1995లో కాసర్తెల్లి, 2023లో స్విట్జర్లాండ్‌లో జినో మేడర్ అనే రైడర్లు అలాంటి దిగుడులోనే పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మేడర్‌కి 26 ఏళ్లు. హెల్మెట్ తప్పనిసరి చేసింది కూడా 2003లో కివిలెవ్ అనే మరో రైడరు పందెంలో పడి పోయాకే.

మన ద్రాక్షారామం చుట్టుపక్కల దిగడానికి కొండలెక్కడివి? కాలవగట్లూ, వరిచేలూను. అయినా మనకీ ప్రొఫెషనల్ సైక్లిస్టులు ఉండేవారండీ! ఊరి ఖాళీ స్థలంలో కర్ర పాతి, మైకు కట్టి, వారం రోజులపాటు దిగకుండా దాని చుట్టూ తొక్కేవారు. స్నానం, భోజనం అన్నీ సైకిల్ మీదే. జనం పలచబడితే ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకునేవారు. గాజుముక్క లోపలికి దిగితే దిక్కెవరు? బీమా లేదు, స్పాన్సరూ లేడు. చొక్కాకి పిన్నీసుతో గుచ్చిన రూపాయి, రెండ్రూపాయల నోట్లే జీతం. మైకులో పేరు చదువుతారంటే మాత్రం మోతుబర్లు ఐదు తీసేవారు, ఆయ్!

నన్నడిగితే ఐరోపావాడి కన్నా వీడిదే కఠినమైన కాంట్రాక్టు.

ఇప్పుడు మనదేశంలో సైకిల్ పోటీలకెళ్లే పిల్లలు చాలామంది ఆశపడేది రైల్వేలోనో, సైన్యంలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి. పతకం కన్నా పోస్టింగే ముద్దంటే తప్పేముంది? ఒకటో తారీఖున జీతం పడుద్ది, కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ఇంటి మీద పడదు.