మారి బోయినె: పిలిచిన చోటల్లా పాడని గాయని



ఆగస్టు 9 దగ్గరికొస్తోంది కదా, దానికి ముందు మనమందరం తెలుసుకోవాల్సిన ఒక గాయని గురించి రాస్తున్నా. పేరు మారి బోయినె. నార్వే దేశం, సామి తెగ. రాక్, జాజ్ సంగీతంలో తన తెగ పాటని కలిపి పాడుతుంది.

సామి వాళ్ళు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తర కొసన ఉండే ఆదివాసులు. రెయిన్‌డీర్లు మేపుతారు, చేపలు పడతారు. వాళ్ళ పాట పేరు యోయిక్. కొండ గురించి పాడటం వేరు, కొండనే పాడటం వేరు, యోయిక్ రెండోదని వాళ్ళంటారు. మిషనరీలు వచ్చి అది సైతాను పాట అన్నారు. డోళ్ళు లాక్కుని తగలబెట్టారు. తర్వాత బడులొచ్చి సామి భాషని మానిపించాయి.

మారి 1956లో పుట్టింది. అమ్మానాన్నలు సాల్మన్ చేపలు పట్టేవాళ్ళు. చర్చిని గట్టిగా నమ్మేవాళ్ళు కాబట్టి ఇంట్లో యోయిక్ లేదు. ఆమె టీచర్ చదువు చదివింది. ఆ రోజుల్లోనే ఆల్టా నది మీద డ్యామ్ గొడవ మొదలైంది. 1979లో సామి యువత ఓస్లో పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహార దీక్ష చేశారు. డ్యామ్ ఆగలేదు. పోలవరం ముంపు ఊళ్ళ వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఆ పోరాటం ఊరికే పోలేదు, 1989లో సామి వాళ్ళకి సొంత పార్లమెంటు వచ్చింది.

మారి మొదటి ఆల్బమ్ 1985లో వచ్చింది. దాని పేరుకి అర్థం 'మౌనం తర్వాత'. 1989లో 'గులా గులా' వచ్చింది. గులా అంటే విను. జెనెసిస్ బ్యాండులో పాడిన పీటర్ గాబ్రియేల్ తన రియల్ వరల్డ్ కంపెనీ ద్వారా దాన్ని బయటి దేశాలకి తీసుకెళ్ళాడు. స్టేజి మీద ఆమె చేతిలో డోలు ఉంటుంది. ఒకప్పుడు తగలబెట్టిన డోలు లాంటిదే.

1994లో లిల్లెహామర్ వింటర్ ఒలింపిక్స్ ప్రారంభానికి పాడమని పిలిచారు. ప్రపంచమంతా చూసే స్టేజి. ఆమె రానంది. మమ్మల్ని అలంకారానికి పిలుస్తున్నారు అనుకుంది. అదే వేడుకలో ఇంకో సామి కవి వాల్కెయాపా యోయిక్ పాడాడు. ఇద్దరిలో ఎవరూ తెగకి ద్రోహం చెయ్యలేదు. ఎవరి నిర్ణయం వాళ్ళు తీసుకున్నారు. రానన్నందుకు మారి ఏమీ చిన్నదైపోలేదు కూడా, 2003లో నార్డిక్ కౌన్సిల్ సంగీత బహుమతి ఆమెకే వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. ఏ పెద్దాయన వచ్చినా కొమ్ము డాన్స్ టీం కావాలి. పొద్దున్నుంచి ఎండలో కొమ్ములు పెట్టుకుని నిలబడాలి. ఆయన కారు దిగి, ఫొటో అయ్యాక మనం పక్కకి జరగాలి. మైకులో కోయ మాట ఒక్కటీ వినపడదు. డాన్స్ మనది, గర్వంగానే వేద్దాం. కానీ ఎప్పుడు, ఎవరి కోసం వెయ్యాలన్నది కూడా మనమే తేల్చుకోవాలి.

అందుకే ఈసారి పిలుపు వస్తే టీంలు ముందే రెండు అడగాలని నా ఆలోచన. ఒకటి, స్టేజి మీద పది నిమిషాలు కోయలో పాడే, మాట్లాడే టైము. రెండు, ఆ పాట ఏంటో చెప్పడానికి మన పెద్దల్లో ఒకరికి కుర్చీ. కుదరదంటే ఊళ్ళోనే రేల పాటలు పాడుకుందాం, వినాలనుకున్నోళ్ళు అక్కడికే వస్తారు.

అక్కలు, అన్నలు, తమ్ముళ్ళు, మీ ఊరి టీం ఏమంటుందో అడిగి రాయండి.

జోహార్.