మావాడి మంత్రగాడికి ఏడే పాయింట్లు

బందరులో ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథాట ఆడుతున్నాం. కథ నడిపేది నేనే. గుడివాడ నుంచి వచ్చే మా బావమరిదికి ఒకటే బెంగ: "బావా, పక్కవాడి యోధుడికి 12 ప్రాణం పాయింట్లు, నా మంత్రగాడికి 7. నేను దండగేగా?" అంటూ పెన్సిల్ చివర కొరుకుతుంటాడు.

మొదట ఓ మాయ ఉంగరం ఇచ్చి ఊరుకోబెట్టా. తప్పు నాదే. మరుసటి ఆటకి మళ్లీ అదే గోల, పైగా మిగతావాళ్ల మూతివిరుపులు.

పద్యనాటకాల వాళ్లు ఈ తంటా ఎప్పుడో పడ్డారు. పాండవోద్యోగ విజయాల్లో ఒక్క కృష్ణుడి వేషాన్నే ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. అందరికీ పద్యాలు కావాలి మరి! మావాడి భయమూ బలం గురించి కాదు, తన వంతు రాదేమోనని.

అందుకే నిన్నటి ఆటలో, కత్తి దూస్తే ఊరంతా లేచే చోట ముగ్గురు గాబ్లిన్లను కాపలా పెట్టా. మావాడు నిద్రమంత్రం వేశాడు. అయిదు పాచికలు, మొత్తం 24; కాపలావాళ్ల పాయింట్లన్నీ కలిపినా అంత లేవు. ముగ్గురూ గురక! తర్వాత ఎవరి పాయింట్లూ అడగలేదు.

వచ్చే ఆదివారం ఒకరికి చోటుంది. పెన్సిల్ మీరే తెచ్చుకోండి.