గోల్ కొట్టినోళ్లకేనా కప్పు?

2025 మే నెలలో భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డులు ఇచ్చారు. మహిళల్లో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య. గోదావరికి ఆ ఒడ్డున ఆదిలాబాద్, ఈ ఒడ్డున నిజామాబాద్, పక్కనే మా కరీంనగర్. పాత జిల్లాల లెక్కన మూడూ ఇరుగుపొరుగే. ఫుట్‌బాల్ అంటే బెంగాల్, కేరళ, గోవా, మణిపూర్ అనుకునే దేశంలో మన దిక్కు పిల్లకు ఆ అవార్డు రావడం చిన్న సంగతి కాదు. ఆ వార్త చూసి నాకు ఎంత సంబురమైందో చెప్పలేను.

అవార్డు వచ్చిందంటే వెనకనే వాదన కూడా వస్తది. ఆ సీజన్‌లో ఇండియన్ విమెన్స్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది గోకులం కేరళకు ఆడిన ఉగాండా క్రీడాకారిణి ఫాజిలా ఇక్వాపుట్. ఆమెవి 24, సౌమ్యవి 9. కానీ మన దేశపు ఆటగాళ్లలో ఆ తొమ్మిదే ఎక్కువ. పైగా ఈస్ట్ బెంగాల్ ఈ లీగ్‌ను మొదటిసారి గెలిచింది ఆ ఏడాదే. టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్‌లో ఒడిశా మీద 1–0తో గెలిచారు. ఆ ఒక్క గోలూ సౌమ్యదే. నాకు ఓటు ఉంటే నేనూ ఆమెకే వేసేవాడిని.

మా అక్కను ఇచ్చింది ఆదిలాబాద్. మేనకోడలు గురుకులంలో ఏడో తరగతి. స్కూల్ టీంలో గోల్ కీపర్. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఫోన్‌లో ఈ ముచ్చటంతా ఉత్సాహంగా చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది: "మామా, ఒకటి–సున్నా అంటున్నవ్ గదా. ఆ సున్నా ఎవలది?"

నేను తడుముకోలేదు. ఆమె టీంలోనే పంథోయ్ చాను అనే మణిపూర్ గోల్ కీపర్ ఉందని, అదే వేదిక మీద ఆమెకు ఉత్తమ గోల్ కీపర్ అవార్డు ఇచ్చారని చెప్పాను.

"అంటే కీపర్లకు వేరే కప్పు. పెద్ద కప్పు గోల్ కొట్టినోళ్లకు. అంతేనా?" అంది. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. వచ్చే ఏడాది నుంచి ముందు ఆడతానని పీఈటీ సార్‌ను అడిగిందట. కీపింగ్ చేస్తే స్టేజీ మీదికి ఎవరూ పిలవరట.

పన్నెండేళ్ల పిల్ల లెక్క అది. తప్పని చెప్పడానికి నేను ఉదాహరణలు వెతికాను. దొరికినవి చాలా తక్కువ. ప్రపంచ ఫుట్‌బాల్‌లో పెద్ద అవార్డు బాలన్ డి ఓర్. 1956 నుంచి ఇస్తున్నారు. పురుషుల్లో దాన్ని అందుకున్న గోల్ కీపర్ ఒక్కడే, సోవియట్ యూనియన్‌కు చెందిన లెవ్ యాషిన్, 1963లో. డిఫెండర్లలో చివరిగా అందుకున్నది ఇటలీ కెప్టెన్ కన్నవారో, 2006లో. మన దగ్గర సౌమ్యతో పాటు పురుషుల అవార్డు గెలిచిన శుభాశీష్ బోస్ డిఫెండరే. మోహన్ బగాన్ కెప్టెన్‌గా ఆ సీజన్‌లో ఐఎస్‌ఎల్ షీల్డ్, కప్పు రెండూ ఎత్తాడు. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే ఆ సీజన్‌లో ఆయన 6 గోల్స్ కూడా కొట్టాడు!

అమెరికాలోనూ ఇదే కథ. మా ఇంజినీరింగ్ బ్యాచ్‌లో సగం మంది అక్కడే ఉన్నారు. మాస్టర్స్ చదివిన యూనివర్సిటీల పుణ్యమా అని వాళ్లకు కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. అది మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేతబట్టుకుని ఉరికే ఆట. అందులో ఏటా ఒక్క ఆటగాడికి హైస్‌మన్ ట్రోఫీ ఇస్తారు. 1935 నుంచి ఉంది. ఓటేసేవాళ్లలో ఎక్కువ మంది స్పోర్ట్స్ రిపోర్టర్లు, వాళ్లతో పాటు పాత విజేతలు. ఒక్కొక్కరు ముగ్గురి పేర్లు రాస్తారు. మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండో దానికి 2, మూడో దానికి 1.

2024 డిసెంబర్‌లో మా వాట్సాప్ గ్రూపులో దీని మీదే లొల్లి. ఒక దిక్కు బాయిసీ స్టేట్ ఆటగాడు ఆష్టన్ జెంటీ. బంతి పట్టుకుని పరుగెత్తడంలో ఆ ఏడాది అతనికి సాటి లేరు. ఇంకో దిక్కు కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్. దాడిలోనూ అతనే, అడ్డుకోవడంలోనూ అతనే. చివరికి హంటర్ గెలిచాడు, 2,231 పాయింట్లకు 2,017. ఇన్నేళ్లలో ప్రధానంగా డిఫెన్స్ ఆడి ఆ ట్రోఫీ గెలిచింది 1997లో చార్లెస్ వుడ్సన్ ఒక్కడే. అతను కూడా అప్పుడప్పుడు దాడిలోకి వెళ్లినవాడే. అంటే అడ్డుకునేవాడికి పెద్ద కప్పు రావాలంటే రెండు పనులూ చేయాలి. దాడి చేసేవాడికి ఒక పని చాలు.

ఎందుకిట్లా? జరిగినదాన్ని లెక్కపెట్టడం సులువు. జరగకుండా ఆపినదానికి లెక్క ఎక్కడ ఉంటది? గోల్ స్కోరుబోర్డు మీద పడుతుంది, దాని పక్కన పేరు పడుతుంది. ఆగిన గోల్ ఎక్కడా పడదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త ఫీచర్ డెమో ఇచ్చినవాడికి చప్పట్లు, స్పాట్ అవార్డు. రిలీజుకు ముందు రాత్రి కూర్చుని బగ్ పట్టుకున్న టెస్టర్ వల్ల మర్నాడు ఏమీ జరగదు. ఏమీ జరగని రోజుకు ఎవరు కేక్ కోస్తారు?

అవతలి వాదన కూడా వినాలి. గోల్ కొట్టడం నిజంగానే కష్టం. తొంభై నిమిషాల ఆటలో రెండు మూడు గోల్స్ పడితే గొప్ప. అరుదైనదానికి విలువ ఎక్కువ ఉండడం న్యాయమే. పైగా కీపర్‌ను కొలవడం అంత తేలిక కాదు. పది బంతులు ఆపిందంటే ఆమె గొప్పదా, లేక ముందున్న డిఫెన్స్ బలహీనమా? ఒక్క బంతి కూడా రాలేదంటే ఆమె ఖాళీగా ఉందా, లేక అరిచి అరిచి అందరినీ సరైన చోట నిలబెట్టిందా? అంకెలు చూస్తే తెలియదు. కానీ కొలవడం కష్టమైతే ఇంకో దారి వెతకాలి గానీ, విలువే లేదనుకుంటే ఎట్లా?

మన కబడ్డీ సంగతే చూడండి. ఊరి టోర్నమెంట్‌లో కూతకు పోయి పాయింట్లు తెచ్చేవాడి పేరు మైకులో మోగుతుంది. మూలన నిలబడి, చప్పుడు కాకుండా కాలు పట్టి గుంజేవాడి పేరు ఆ మైకులో పెద్దగా వినబడదు. ఒకవేళ వాడు లేకపోతే? టీం ఎట్లయితదో బాగా తెలిసేది ఎదుటి టీం కూతగాడికి. మైకు పట్టుకున్నాయనకు కాదు.

అందుకే నాకో ఆలోచన వచ్చింది. మానకొండూరు దిక్కు మా ఊళ్లో ఏటా దసరాకు కబడ్డీ పోటీలు పెడతారు. ఉద్యోగాలొచ్చిన మేం నలుగురం దోస్తులం బెస్ట్ ప్లేయర్ కప్పు ఇస్తాం, దాంతో పాటు 5,116 రూపాయలు. ఈసారి ఆ కప్పు ఎవరికో మేమూ చెప్పం, కమిటీ కూడా చెప్పొద్దు. ప్రతి మ్యాచ్ కాగానే ఓడిన టీం కెప్టెన్‌కు ఒక చీటీ ఇవ్వాలి. ఒకటే ప్రశ్న: "అవతలి టీంలో ఎవరు లేకపోతే మీరు గెలిచేవాళ్లు?" ఎక్కువ చీటీల్లో ఎవరి పేరుంటే కప్పు వాళ్లకు. కూతగాడి పేరే వస్తే సంతోషంగా అతనికే ఇద్దాం.

కమిటీలో పెద్దాయన ఒకాయన నవ్వాడు. "పాయింటు తేనోనికి కప్పేందిరా?" అన్నాడు. పాయింటు పోనియ్యలేదు కద బాపూ, అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. "చూద్దాం తియ్" అన్నాడు. మా ఊళ్లో ఆ మాటకు సగం అవుననే అర్థం.

ఈ చీటీల ముచ్చట మేనకోడలికి చెప్పాను. అది ముందు ఆడినా, వెనక ఆడినా నాకు ఇబ్బంది లేదు. దాని కాళ్లు, దాని ఆట. కానీ గోల్ కొట్టడం ఇష్టమై ముందుకు పోవడం వేరు, ఆపినోళ్లను ఎవరూ చూడరని పోవడం వేరు. రెండోది దాని లోపం కాదు, చూసేవాళ్లది. ఈ రెండింటిలో ఏదో నువ్వే తేల్చుకో అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, దసరా సెలవులకు వస్తానని, చీటీలు తానే లెక్కపెడతానని అంది.